వరుసంతా ఒకే ఇల్లు

రామగుండం స్టేషన్‌లో దిగి బయటికి రాగానే చూపు పైకే పోతుంది. ఎటు తిరిగినా ఎన్‌టీపీసీ పొగగొట్టాలు. మా పాలకొల్లుకు ఏ దిక్కు నుంచి వచ్చినా ముందు కనిపించేది క్షీరారామం గోపురం. ఊరు దగ్గరపడిందని అదే చెబుతుంది. ఇక్కడ ఆ పని ఈ గొట్టాలది. 1978 నవంబరులో ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన ఈ విద్యుత్ కేంద్రంలో 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ నడిచింది. తర్వాత పెరుగుతూ పెరుగుతూ అది 2,600 మెగావాట్లకు చేరింది. ఇంత కరెంటుకు బొగ్గు ఎక్కడిదని అడిగితే ఎవరైనా కాళ్ల కింద నేల చూపిస్తారు.

నాకు చూడాలని ఉన్నది ఆ బొగ్గు తీసినవాళ్లు ఉండే సింగరేణి క్వార్టర్లు. కాలేజీలో నాతో చదివిన గోదావరిఖని స్నేహితురాలు ఒకటే మాట అనేది: "మా ఇల్లొక్కటి చూస్తే కాలనీ అంతా చూసినట్టే." ఒకే నమూనా గీసుకుని వందల ఇళ్లు కడితే, ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఇళ్లు ఏమవుతాయి? అన్నీ ఒకేలా ముసలివవుతాయా, దేని దారి అది పడుతుందా? ఈ కుతూహలమే నన్ను ఇక్కడికి రప్పించింది.

ఆటో ఎక్కగానే డ్రైవరు "ఖనిల ఏడికి?" అన్నాడు. యైటింక్లయిన్ కాలనీ అన్నాను. ఇంకేమీ అడగలేదు. ఇంక్లయిన్ అంటే ఏటవాలుగా భూమిలోకి దిగే గని. ఎనిమిదో నంబరు గని పక్కన వెలిసిన కాలనీకి దాని పేరే నిలిచింది. మావైపు పేటలను దేవుళ్ల పేర్లతోనో కాలువల పేర్లతోనో పిలుస్తాం. ఇక్కడ గని నంబరే చిరునామా అయిపోయింది. గని మూతపడ్డా కాలనీ పేరు మారదు.

దారి పొడవునా నేల చరిత్ర గుర్తుకొస్తూనే ఉంది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. నేటికీ ఆ రోజునే సింగరేణి దినోత్సవం జరుపుతారు. గోదావరి ఒడ్డున ఈ ప్రాంతంలో గనులు తెరుచుకున్నాక ఊళ్లకు ఊళ్లే కదిలి వచ్చాయి. వచ్చినవాళ్లు మొదట గుడిసెలు వేసుకున్నారు. ఆ తర్వాత వరుసలు వరుసలుగా క్వార్టర్లు లేచాయి.

దేశమంతటా గని కార్మికుల ఇళ్ల కథ ఇలాగే నడిచింది. 1947లో బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. బొగ్గు మీద సెస్సు వసూలు చేసి ఆ డబ్బును ఇళ్లకు, ఆసుపత్రులకు ఖర్చుపెట్టాలన్నది దాని ఉద్దేశం. తక్కువ డబ్బుతో ఎక్కువ ఇళ్లు కట్టాలంటే ఇంటికో ప్లాను గీయడం కుదరదు. తలుపు కొలత ఒకటే, కిటికీ కొలత ఒకటే, గది కొలత ఒకటే. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసి, దేశ విభజన శరణార్థుల కోసం ఇళ్ల ఫ్యాక్టరీనే పెట్టింది. హిందుస్థాన్ ప్రీఫ్యాబ్ అయింది అదే. ఖని ఇళ్లు ఫ్యాక్టరీలో పుట్టినవి కావు. ఇటుక మీద ఇటుక పేర్చి ఇక్కడే కట్టినవి. అయినా వాటి వెనక ఉన్న ఆలోచన అదే.

స్నేహితురాలి నాన్నగారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. ఆయన కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరయ్యారు. పగిలిన బొగ్గును చెమ్మసుతో తట్టకెత్తి, తట్టను టబ్బులో పోసే పని. యంత్రాలు లేని ఆ రోజుల బరువు ఇంకా ఆయన భుజాల్లో కనిపిస్తుంది.

"అచ్చినవా బిడ్డా? దారి దొరికిందా?"

"ఆటో అతనికి తెలుసు బాబాయిగారూ."

"ఆయినకు కాలనీ ఎరుక. ఇల్లు ఎరుకుండదు. ఈడ ఇల్లు గుర్తుపట్టుడు మాకే కష్టం."

ఆ మాట ఎంత నిజమో సాయంత్రం తెలిసింది. కాసేపు నడిచొద్దామని బయటికి వెళ్లాను. వరుస తర్వాత వరుస. ప్రతి ఇంటికీ ముందు చిన్న వరండా, పక్కన ఒకే ఎత్తు గోడ, మీద ఒకే ఎత్తు స్లాబు. తలుపు పక్కన టీ-2 అని, దాని పక్కన అంకె. మలుపు తిరిగితే మళ్లీ అదే వీధి ఎదురైనట్టుంటుంది. మా ఊళ్లో ఏ రెండు ఇళ్లూ ఒకేలా ఉండవు. ఒకటి పెంకుటిల్లు, పక్కది మేడ, దాని పక్కది సగం కట్టి ఆగిన మేడ. పైగా ప్రతిదీ వాస్తు చూసి కట్టిందే. ఇక్కడ వరుసలు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి సగం ఇళ్లకు ఒక దిక్కు, మిగతా సగానికి దానికి సరిగ్గా ఎదురు దిక్కు. వాస్తును పట్టించుకునే వీలే లేదు. రెండు వైపులా పిల్లలు పుట్టారు, పెళ్లిళ్లయ్యాయి, ఉద్యోగాలొచ్చాయి.

సైకిల్ తొక్కుతున్న ఒక పిల్లాడు నా వాలకం చూసి ఆగాడు.

"ఎవలింటికి పోవాలె?"

నంబరు చెప్పాను. వాడు అంకెను పట్టించుకోలేదు.

"మునగచెట్టున్న ఇల్లా? నీలం గేటా?"

"నీలం గేటే."

"గట్లనాలె గదా" అని ముందు దారితీశాడు. అప్పుడు గమనించాను, ఇక్కడ దారి చూపేది ఇంటి నంబరు కాదని. ఎవరు ఏ చెట్టు పెట్టుకున్నారు, గేటుకు ఏ రంగు వేసుకున్నారు, వరండాకు జాలీ కట్టారా, ముందు రేకుల షెడ్డు దించారా అన్నవే గుర్తులు. ఒకచోట ఉసిరి, ఒకచోట జామ, ఒకచోట గోడ నిండా శంఖు పూల తీగ. కంపెనీ ఇచ్చింది ఒకే ఇల్లు. ఇన్నేళ్లలో మనుషులు దాన్ని వందల ఇళ్లుగా మార్చుకున్నారు. మీరు వెళ్తే నంబరు వెతకకండి, చెట్టో గేటో అడగండి.

ఆ రాత్రి పిన్నిగారు (స్నేహితురాలి అమ్మ) సర్వప్ప చేశారు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు, కారం కలిపి ముద్ద చేసి, లోతు గిన్నెలో నూనె రాసి చేత్తో అంచుల దాకా వత్తారు. నడుమ వేలితో చిల్లులు పెట్టి, వాటిలో చుక్క చుక్క నూనె వేసి మూత పెట్టారు. మావైపు దిబ్బరొట్టె కూడా ఇలా గిన్నెలోనే కాలుతుంది గానీ అది మినపపిండితో మెత్తగా పొంగుతుంది. సర్వప్ప పంటి కింద కరకరమంటుంది, నువ్వుల వాసన చేతినుంచి తెల్లారిదాకా పోదు. వేడిగా తిన్నాక పచ్చిపులుసు అన్నం పెట్టారు. ఇంకొంచెం వడ్డించుకుంటానని గిన్నె నా వైపు లాక్కున్నాను.

వంటగది గోడ మీద ఒక మూల నల్లటి చార ఇంకా ఉంది. "బొగ్గుల పొయ్యి మసి అది. ఎన్ని సున్నాలు కొట్టినా పైకి అస్తది" అన్నారు పిన్నిగారు. కార్మికుల ఇళ్లకు కంపెనీ బొగ్గు ఇచ్చిన రోజుల్లో సాయంత్రమైతే ప్రతి వాకిట్లో కుంపటి రాజేసేవారు. కాలనీ మీద పొగ దుప్పటి పరిచినట్టు ఉండేదట. గ్యాసు వచ్చాక పొగ పోయింది. గోడకు మాత్రం జ్ఞాపకం మిగిలింది.

తెల్లారాక ఇల్లంతా తీరిగ్గా చూశాను. రెండు గదులు, వంటగది, వెనక జాగా, ఆ జాగాలో స్నానాల గది. వెనక గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా చూస్తే పాత కన్వేయర్ బెల్టు ముక్క. బొగ్గును మోసిన ఆ రబ్బరు, ఇన్నేళ్ల వానకూ ఎండకూ అంచు కూడా విడలేదు. కిటికీ చెక్క మీద ఒకచోట రంగు పెచ్చు లేచి ఉంటే దగ్గరికి వెళ్లి చూశాను. పైన గోధుమ రంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద నీలం, అడుగున ఎర్రటి ప్రైమరు. ఇంటికి ఎన్నిసార్లు పెళ్లిళ్లు, పండుగలు వచ్చాయో ఆ పొరలు లెక్కపెట్టి చెప్పొచ్చు. కిటికీ ఊచలు మాత్రం వాననీళ్లు నిలిచే కింది అంచు దగ్గర సన్నబడ్డాయి. పైన వేలంత లావున్నవి కింద పెన్సిలంత అయ్యాయి.

అసలు జబ్బు పైకప్పులో ఉంది. వరండా స్లాబు అడుగున అరచేయంత మేర పెచ్చు ఊడి, లోపలి ఇనుప ఊచ ఎర్రగా బయటపడింది. ఇది ఈ ఒక్క ఇంటి కథ కాదు, నలభై ఏళ్లు దాటిన చాలా స్లాబుల కథ ఇదే. పైన సన్నటి నెర్రె పడుతుంది. వాననీరు దాంట్లోంచి ఊచ దాకా దిగుతుంది. ఇనుము తుప్పు పడితే రెండింతలకు పైగా చోటు కావాలి. ఆ ఉబ్బుకు కింది కాంక్రీటు ఆగలేక ఊడి పడుతుంది. ఊడిన చోట గాలి, తేమ ఇంకా తేలిగ్గా చేరతాయి. ఇక తుప్పుకు పట్టపగ్గాలుండవు. దానికి తోడు రామగుండం ఎండ. వేసవిలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. పగలు సాగి రాత్రి ముడుచుకునే స్లాబుకు నెర్రెలు పడకుండా ఉండవు. మా పెంకుటింట్లో పెంకు పగిలితే ఒక్క పెంకు మారుస్తాం. స్లాబుకు ఆ వెసులుబాటు లేదు.

మరి ఇన్నేళ్లు ఎలా నిలబడింది? బాబాయిగారి దగ్గర దానికి జవాబుంది.

"వానకాలం రాకముందే మీదికెక్కి ఊడ్సాలె. ఆకులు నీళ్ల గొట్టంల ఇరికితే నీళ్లు నిల్సుడే. నీళ్లు నిలిస్తె కప్పు పాయె. మా పక్కింటాయిన ఎక్కడు. నేనే ఎక్కుత."

ఇంతకంటే మంచి ఇంజనీరింగు సలహా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఒకేలా కట్టడంలో ఉన్న లాభం కూడా ఆయనే చూపించారు. వెనక తలుపు రంగు ముందు తలుపుకు కలవడం లేదు. పాత తలుపు చెదలు పట్టి పోతే, సివిల్ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఖాళీ అయిన ఇంకో క్వార్టరు తలుపు తెచ్చి బిగించారట. మడతబందుల చిల్లులతో సహా అతికినట్టు సరిపోయింది. మా ఊళ్లో ఒకరింటి తలుపు ఇంకొకరి గుమ్మానికి పట్టదు. ఇక్కడ కాలనీ మొత్తం ఒకదానికొకటి అవయవదానం చేసుకోగలదు.

ఇంకో సంగతి నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. రిటైరయితే క్వార్టరు అప్పగించాలి. ఆయన అప్పగించారు. కొడుక్కి గనిలో ఉద్యోగం వచ్చాక ఇంకో వరుసలో క్వార్టరు దొరికింది. మంచం, బీరువా, దేవుడి పటం అన్నీ పాత ఇంట్లో ఎక్కడ ఉండేవో అక్కడే సర్దుకున్నారు. ఒక్కటే తేడా: జంట ఇళ్లలో ఒకటి కుడివైపుకు, ఒకటి ఎడమవైపుకు తిరిగి ఉంటాయి. కొత్త ఇల్లు పాతదానికి అద్దంలో నీడ. రాత్రి లేచి లైటు వేయబోతే ఆయన చెయ్యి చాలా రోజులు ఖాళీ గోడ మీదికే పోయిందట. ముప్పై ఏళ్లు ఒక ఇంట్లో ఉంటే ఇల్లు చేతుల్లోకి ఎక్కుతుంది. దాన్ని అప్పగించడం అంత తేలిక కాదు.

మధ్యాహ్నం మాటల మధ్యలో కిటికీ రెక్క గడగడమంది. నేను ఉలిక్కిపడ్డాను. పిన్నిగారు బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. "ఓసీల బ్లాస్టింగు" అన్నారు. భూగర్భ గనులు చాలావరకు మూతపడి, పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులు ఊరికి దగ్గరగా వచ్చాయి. ఆ అదురుకు హద్దులున్నాయి. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తక్కువ పౌనఃపున్యపు అదురు గని యాజమాన్యానికి చెందని ఇళ్ల దగ్గర సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. గని యాజమాన్యానికే చెందిన, పరిమిత ఆయుష్షు ఉన్న ఇళ్ల దగ్గరైతే 10 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. పరిమిత ఆయుష్షు అన్న ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. గని ఉన్నంతకాలం ఇల్లు ఉంటే చాలని లెక్క. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలకు ఆ లెక్క పనికిరాదు.

సాయంత్రం బాబాయిగారు కాలనీ అంచున ఉన్న ఒక ఖాళీ వరుసకు తీసుకెళ్లారు. ఇదీ అదే నమూనా, ఇంచుమించు అదే వయసు. తలుపులు లేవు, కిటికీలు లేవు. ఒక గది నడుమ రావిమొక్క స్లాబు నెర్రెలోకి వేళ్లు దించింది. వంటగది గట్టు మీద ఆకులు కుళ్లి నల్లగా ఉన్నాయి. మనుషులున్న వరుస ఇంకా నిలబడే ఉంది, లేని వరుస కూలుతోంది. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటిన ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. వరుసలు ఖాళీ అవడానికి అసలు కారణం అదే. పక్కనే ఎరువుల కర్మాగారం కూడా 1999లో మూతపడి, 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్‌గా మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టేదాకా ఇరవై ఏళ్లకు పైగా నిశ్శబ్దంగా ఉండిపోయింది. ఇంటిని ముసలితనం కంటే ఖాళీతనమే త్వరగా కూలుస్తుందని ఆ వరుసలో నిలబడ్డాక నాకు గట్టిగా అర్థమైంది. పైకెక్కి ఆకులు ఊడ్చే మనిషి లేకపోతే రెండు వానకాలాలు చాలు.

ఇలాంటి కథ బ్రిటన్‌లోనూ జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇళ్లు కూలినవాళ్ల కోసం 1944 చట్టం కింద అక్కడ లక్షన్నరకు పైగా ప్రీఫ్యాబ్ ఇళ్లు నిలబెట్టారు. పది పదిహేనేళ్లు నిలిస్తే చాలనుకున్నారు. వాటిలో కొన్ని అరవై ఏళ్లు దాటినా మనుషులతో కళకళలాడాయి. లండన్‌లోని క్యాట్‌ఫర్డ్‌లో ఉన్న ఎక్స్‌కాలిబర్ ఎస్టేట్‌ను కూల్చే ఆలోచన వచ్చినప్పుడు అక్కడివాళ్లు తమ ఇళ్ల కోసం గట్టిగా పోరాడారు. చివరికి 2009లో 6 ఇళ్లను రక్షిత కట్టడాలుగా గుర్తించారు. రాజులు కట్టిన కోటలకు దక్కే గౌరవం మామూలు మనుషుల తాత్కాలిక ఇళ్లకు దక్కింది.

వెళ్లే ముందు గోదావరి చూడాలనిపించింది. మంచిర్యాల వైపు వెళ్లే వంతెన దగ్గరికి వెళ్లాం. ఇక్కడి గోదావరిలో ఇంకా ప్రాణహిత కలవలేదు, ఇంద్రావతి కలవలేదు, శబరి కలవలేదు. అవన్నీ కలిశాకే అది మా డెల్టా చేరుతుంది. మా కాలువల్లో పారే నీళ్లు ఈ ఒడ్డు దాటి వచ్చినవేనని తలుచుకుంటే మనసు పొంగింది. ఈ నది ఇసుకనే ఏళ్ల తరబడి గనుల్లోకి పంపి, బొగ్గు తీసిన ఖాళీలను నింపారు. పై నేల కుంగకుండా కాసింది ఆ ఇసుక. అంటే ఇక్కడి ఇళ్ల కింద కొంత గోదావరి కూడా ఉంది.

మీరూ వెళ్లండి. విజయవాడ, వరంగల్ మీదుగా ఉత్తరాదికి పోయే రైళ్లు చాలా రామగుండంలో ఆగుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య అయితే ఎండ ఇబ్బంది పెట్టదు. పొద్దున షిఫ్టు మారే వేళ కాలనీ రోడ్డు మీద నిలబడితే టిఫిన్ డబ్బా చేతబట్టి బాయికి, అంటే గనికి, పోయేవాళ్లు, రాత్రి షిఫ్టు దిగి నల్లటి కళ్లతో వచ్చేవాళ్లు ఎదురెదురుగా కనిపిస్తారు. ఎవరి వరండా ముందైనా ఆగి పలకరించండి, చాయ్ తాగకుండా కదలనివ్వరు.

చివరగా ఒక మనవి. పాత క్వార్టర్ల చోట కొత్తవి రావాలి. రెండు గదుల్లో ఇరుక్కుని బతకమని ఎవరికీ చెప్పే హక్కు మనకు లేదు. పెచ్చులూడే కప్పు కింద పిల్లలను పడుకోబెట్టమనీ అనలేం. కానీ కూల్చేటప్పుడు ఒక్క వరుసను, వరండాలు, మసి చారలు, వెనక జాగాలతో సహా బాగుచేసి ఉంచాలి. చెమ్మసు, టోపీ దీపం, బొగ్గు కుంపటి అందులో పెట్టాలి. తెలుగు నేల మీద ఇంటింటికీ వెలుగు పంపినవాళ్లు ఎలాంటి ఇళ్లలో బతికారో రేపటి పిల్లలు లోపలికి నడిచి చూడగలగాలి. సింగరేణి, ప్రభుత్వం తలుచుకుంటే ఇది పెద్ద ఖర్చు కాదు. ఆ వరుసలు ఇంకా నిలబడి ఉన్నప్పుడే ఆ పని జరగాలి.